జెండా వందనం తరువాత

పోయిన ఏడాది ఆగస్టు మొదటి వారం. మా బడిలో స్వాతంత్ర్య దినోత్సవానికి పిల్లల చేత ఉపన్యాసాలు సిద్ధం చేయిస్తున్నాను. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు చేతిలో కాగితంతో నా టేబుల్ దగ్గరకు వచ్చి, పక్కవాళ్ళకు వినపడకుండా అడిగాడు: “సార్, సైన్యంలో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

‘మనవాళ్ళు’ అంటే వాడి ఉద్దేశం ఏమిటో నాకు తెలిసింది. ఎవరో ఏదో అని ఉంటారు. ఆ మాట వాడి మనసులో ముల్లులా దిగింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా సాంఘిక శాస్త్రం చెబుతున్న నాకు ఆ ప్రశ్న కొత్త కాదు. నాలుగు పేర్లు రాసిచ్చి పంపవచ్చు. అయితే పేర్లు బట్టీ పట్టినంత మాత్రాన వాడి బాధ తీరదు. సైనికుడు ఎవరి మనిషి, ఎవరి కోసం నిలబడతాడు అన్నది తెలిస్తే తప్ప ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ రోజు సాయంత్రం బడి వదిలాక వాడిని కూర్చోబెట్టి చెప్పిన సంగతులే, మరికొంత వివరంగా, మన సొసైటీ సంచిక పాఠకుల ముందు ఉంచుతున్నాను. ఆ తరువాత నేను నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. అది చివర చెబుతాను.

ఎవరి యుద్ధం? ఎవరి సైన్యం?

బ్రిటిషు పాలనలో మన దేశంలో సైనికులకు కొదవ లేదు. 1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షల మందికి పైగా భారతీయులు పనిచేశారు. వారిలో అత్యధికులు సముద్రాలు దాటి ఫ్రాన్స్, మెసపొటేమియా, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా వెళ్ళారు. దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి భారత సైన్యం సంఖ్య 25 లక్షలకు చేరింది. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబడి ఉన్న మూడు కంచు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల అశ్విక దళాల గుర్తుగా పెట్టినవి. మన హైదరాబాద్ రౌతులు మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్ళారన్న సంగతి ఆ విగ్రహాలు చూసి ముందుకు సాగిపోయేవారిలో ఎందరికి తెలుసు?

మన తెలుగు నేల మీద పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళడం వల్ల దానికి మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడింది. ఆ ఊరి పాత తరాలవారు పోరాడింది బ్రిటిషు జెండా కింద.

వారి ధైర్యానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. వంక ఉన్నది మరోచోట. యుద్ధానికి వెళ్ళాలా వద్దా అని నిర్ణయించినవారు ఈ దేశ ప్రజలు కారు. 1939 సెప్టెంబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి ప్రజా ప్రతినిధులను ఒక్క మాట అడగకుండానే భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా రాష్ట్రాల్లోని కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ప్రాణం మనది, నిర్ణయం లండనుది. పరాయి పాలనలో సైనికుడి స్థితి అది.

మన జెండాకు రూపకల్పన చేసిన పింగళి వెంకయ్య గారి జీవితంలోనూ ఈ మలుపు కనిపిస్తుంది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన ఆయన యువకుడిగా బ్రిటిషు సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్ళారు. పరాయి జెండాకు వందనం చేసిన ఆ మనిషే 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో మన కోసం ఒక జెండా నమూనాను గాంధీజీ చేతిలో పెట్టారు.

ఎర్రకోటలో రెండు దృశ్యాలు

ప్రతి ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీద జెండా ఎగురవేయడం టీవీలో చూస్తాం. ఎర్రకోటే ఎందుకు అని పిల్లలను అడిగితే “మొగలు చక్రవర్తి షాజహాన్ కట్టించిన కోట కాబట్టి” అంటారు. అది సగం జవాబు. మిగతా సగంలో సైనికులు ఉన్నారు.

1945 నవంబరు 5న ఆ కోటలోనే ఒక సైనిక న్యాయస్థానం విచారణ మొదలుపెట్టింది. బోనులో నిలబడినవారు ముగ్గురు: షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. ముగ్గురూ బ్రిటిషు భారత సైన్యంలో అధికారులుగా ఉండి, తరువాత సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలోని ఆజాద్ హింద్ ఫౌజులో పోరాడినవారు. చక్రవర్తి మీద యుద్ధం చేశారన్నది వారిపై నేరం. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు ఒకే బోనులో నిలబడేసరికి దేశమంతా వారి వెనుక నిలబడింది. భూలాభాయ్ దేశాయ్ వాదించారు. వకీలు వృత్తి వదిలేసి ఏళ్ళు గడిచిన నెహ్రూ కూడా మళ్ళీ నల్లకోటు వేసుకుని ఆ కోర్టుకు వచ్చారు. ముగ్గురికీ యావజ్జీవ ప్రవాస శిక్ష పడింది. కానీ ప్రజల ఆగ్రహం చూసిన సైన్యాధిపతి ఆకిన్‌లెక్ 1946 జనవరి మొదటి వారంలోనే ఆ శిక్షను రద్దు చేయక తప్పలేదు.

మరో నెలన్నరకే, 1946 ఫిబ్రవరి 18న, బొంబాయిలో ‘తల్వార్’ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో నావికులు సమ్మెకు దిగారు. పనికిరాని తిండి, తెల్ల అధికారుల బూతులు భరించలేక మొదలైన ఆ తిరుగుబాటు 78 ఓడలకు, సుమారు 20 వేల మంది నావికులకు పాకింది. సిపాయి తన తుపాకీ ఎవరి కోసమో ఆలోచించడం మొదలుపెడితే ఈ దేశంలో తాము ఉండలేమని పాలకులకు అర్థమైంది.

ఈ ఫౌజులో మన హైదరాబాదీ ఒకాయన ఉన్నారు. ఆబిద్ హసన్ సఫ్రానీ. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ బోస్ గారికి కార్యదర్శి అయ్యారు. 1943 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయలుదేరి, ఏప్రిల్ చివర మడగాస్కర్ సమీపంలో నడిసముద్రంలో జపాను జలాంతర్గామిలోకి మారి, మే నెలలో సుమత్రా తీరం చేరిన బోస్ గారి వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు ఆయన. ఇప్పుడు మన పిల్లలు జెండా వందనం చివర గొంతెత్తి పలికే ‘జై హింద్’ను సూచించింది ఆయనేనని ప్రసిద్ధి. స్వాతంత్ర్యం తరువాత విదేశాంగ శాఖలో పనిచేసి, 1984లో హైదరాబాదులోనే కన్నుమూశారు.

విచారణ జరిగి రెండేళ్ళు నిండకముందే అదే ఎర్రకోట మీద మన మూడు రంగుల జెండా ఎగిరింది. సైనికులను నేరస్థులుగా నిలబెట్టిన చోటే ప్రతి ఏటా సైనికులు జెండాకు గౌరవ వందనం చేస్తున్నారు. అందుకే ఎర్రకోట.

ఒక్క రాత్రిలో పూర్తికాని స్వాతంత్ర్యం

రాజ్యాంగ సభ మన జెండాను ఆమోదించింది 1947 జూలై 22న. ఆగస్టు 14 అర్ధరాత్రి అధికారం చేతులు మారింది. ఎర్రకోట మీద నెహ్రూ మొదటిసారి జెండా ఎగురవేసింది ఆగస్టు 16న. 15న నాటి ప్రజా సంబరం ఇండియా గేట్ దగ్గర జరిగింది. ఈ చిన్న సంగతి క్విజ్ పోటీల్లో పిల్లలకు పనికొస్తుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. స్వాతంత్ర్యం వచ్చిన రోజున మన సైన్యానికి అధిపతి ఇంకా బ్రిటిషు జనరలే. చివరి బ్రిటిషు పటాలం, సోమర్సెట్ లైట్ ఇన్‌ఫాంట్రీ, బొంబాయి గేట్‌వే ఆఫ్ ఇండియా గుండా ఓడ ఎక్కింది 1948 ఫిబ్రవరి 28న. జనరల్ కరియప్ప తొలి భారతీయ సైన్యాధిపతిగా బాధ్యత తీసుకున్నది 1949 జనవరి 15న. ఆ తేదీనే మనం సైనిక దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జెండా మారడానికి ఒక రాత్రి చాలింది. సైన్యం పూర్తిగా మనది కావడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలోనే అన్నింటికంటే కష్టమైన పరీక్ష వచ్చింది. దేశంతోపాటు సైన్యం కూడా చీలింది. సుమారు మూడింట రెండు వంతులు భారత్‌కు, ఒక వంతు పాకిస్తాన్‌కు. ఒకే గదిలో పడుకున్నవారు, ఒకే పళ్ళెంలో తిన్నవారు విడిపోయారు. భారత భాగంలో ఇళ్ళున్న ముస్లిం సైనికులకు ఏ దేశం కావాలో ఎంచుకునే అవకాశం ఇచ్చారు.

ఎంచుకున్న ఒకరి కథ

మహమ్మద్ ఉస్మాన్ 1912 జూలై 15న ఉత్తరప్రదేశ్‌లోని బీబీపూర్‌లో పుట్టారు. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో చదివి బలూచ్ రెజిమెంటులో అధికారి అయ్యారు. విభజనలో ఆ రెజిమెంటు పాకిస్తాన్‌కు వెళ్ళింది. అక్కడికి వస్తే పెద్ద భవిష్యత్తు ఉంటుందని కబుర్లు వచ్చాయి. ఆయన పోలేదు. తన రెజిమెంటును, తోటి అధికారులను వదులుకుని పుట్టిన నేలను ఎంచుకున్నారు. డోగ్రా రెజిమెంటుకు మారారు.

1947 డిసెంబరులో జమ్ము ప్రాంతంలోని ఝంగర్ మన చేతుల్లోంచి జారిపోయింది. 50వ పారాచూట్ బ్రిగేడ్‌కు నాయకత్వం వహిస్తున్న ఉస్మాన్ ఆ ఊరు తిరిగి తీసుకునేదాకా మంచం మీద పడుకోనని ప్రతిన పూనారు. ఎముకలు కొరికే చలికాలం. చాప మీదే పడుకున్నారు. 1948 ఫిబ్రవరి 6న నౌషేరాపై జరిగిన పెద్ద దాడిని ఆయన బ్రిగేడ్ తిప్పికొట్టింది. మార్చి 18న ఝంగర్ తిరిగి మన వశమైంది. జూలై 3న ఝంగర్‌లోనే శత్రువుల ఫిరంగి గుండు తగిలి ఆయన అమరులయ్యారు. 36వ పుట్టినరోజుకు ఇంకా పన్నెండు రోజులుంది. మహావీర్ చక్ర ప్రకటించారు. ఢిల్లీలో జరిగిన జనాజాకు ప్రధాని నెహ్రూ, మంత్రులు హాజరయ్యారు. జామియా మిల్లియా ఇస్లామియా ఆవరణ పక్కన ఆయన సమాధి ఉంది.

సేవా సంస్థల వాళ్ళం కాబట్టి మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి చెప్పాలి. ఆయన పెళ్ళి చేసుకోలేదు. జీతంలో పెద్ద భాగం పేద పిల్లల చదువులకే ఖర్చు పెట్టేవారు. నౌషేరాలో యుద్ధం వల్ల దిక్కులేనివారైన పిల్లలను చేరదీసి తిండి, చదువు ఏర్పాటు చేశారు. యుద్ధభూమిలో ఉన్నవాడికి కూడా అనాథ పిల్లవాడు కనిపించాడు. ఖిద్మత్ అంటే అది.

‘మనవాళ్ళు’ అనే మాటకు అర్థం

ఇక్కడిదాకా విన్న మా కుర్రాడి ముఖం వెలిగింది. “అయితే మనవాళ్ళు ఉన్నారన్న మాట!” అన్నాడు. నేను ఒక్క క్షణం ఆగమన్నాను.

“హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు రాసుకో. ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో దర్జీ కొడుకు. 1965 సెప్టెంబరు 10న పంజాబులో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో, చెరకు, పత్తి చేల మధ్య, జీపు మీద బిగించిన తుపాకీతో ప్యాటన్ ట్యాంకులను ఒకదాని తరువాత ఒకటి కొట్టాడు. మరో ట్యాంకుతో ఎదురెదురుగా తలపడి ప్రాణం వదిలాడు. పరమవీర్ చక్ర పొందాడు. దాని కింద కల్నల్ సంతోష్ బాబు పేరు రాసుకో. మన సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో తన జవాన్ల ముందు నిలబడి ప్రాణమిచ్చాడు. మహావీర్ చక్ర పొందాడు. ఇప్పుడు చెప్పు. ఈ ఇద్దరిలో నీవాడు ఎవరు?”

కుర్రాడు కాసేపు కాగితం వైపు చూశాడు. “ఇద్దరూ” అన్నాడు.

మన రాజ్యాంగం చెప్పేదీ అదే. సైన్యానికి సర్వోన్నత అధిపతి రాష్ట్రపతి. ఆ రాష్ట్రపతిని ఎన్నుకునేది మనం ఓటేసి పంపిన ప్రతినిధులు. అంటే సైనికుడి విధేయత ఒక రాజుకో, ఒక పార్టీకో, ఒక మతానికో కాదు, రాజ్యాంగానికి. సైన్యంలో పండిత్, మౌల్వీ, గ్రంథీ, పాదరీ అందరూ మత బోధకులుగా నియమితులవుతారు. చాలా యూనిట్లలో ఒకే కప్పు కింద అన్ని మతాల ప్రార్థనలకూ చోటు ఉండే ‘సర్వ ధర్మ స్థల్’ ఉంటుంది. పటాలంలో ఎక్కువ మంది ఏ మతంవారైతే, వారి పండుగలో అధికారి ఏ మతంవాడైనా ముందు నిలబడతాడు.

పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించని ఒక అధికరణం గురించి కూడా చెప్పాలి. రాజ్యాంగంలోని 33వ అధికరణం ప్రకారం సైనికుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు పరిమితం చేయవచ్చు. మనలాగా వారు యూనియన్ పెట్టుకోలేరు, రాజకీయ సభలకు వెళ్ళలేరు, అనుమతి లేకుండా పత్రికలకు ఎక్కలేరు. మనం స్వేచ్ఛగా మాట్లాడుకోవడానికి కాపలా ఉన్నవాడు తన స్వేచ్ఛలో కొంత భాగాన్ని చేరిన రోజే వదులుకుంటాడు. ప్రాణత్యాగం కొందరు చేస్తారు. ఈ త్యాగం మాత్రం ప్రతి సైనికుడూ చేస్తాడు.

యుద్ధం లేని రోజుల్లో

సైనికుడంటే తుపాకీ ఒక్కటే అనుకోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఛిన్నాభిన్నం చేసినప్పుడు రోడ్లకు అడ్డంగా పడిన చెట్లు తొలగించిన చేతుల్లో నౌకాదళం, సైన్యం చేతులు ఉన్నాయి. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో, 2018 కేరళ వరదల్లో తాడు పట్టుకుని దిగినవారు వాళ్ళే. 2015 ఏప్రిల్‌లో యెమెన్ యుద్ధంలో చిక్కుకున్నవారిని మన నౌకలు, విమానాలు బయటికి తెచ్చినప్పుడు నాలుగున్నర వేలకు పైగా భారతీయులతోపాటు 41 దేశాల పౌరులు కూడా వాటిలో ఎక్కారు. మునిగేవాడి కులం, మతం, దేశం అడగకుండా చెయ్యి అందించడం కూడా దేశసేవే.

కొరియా యుద్ధానికి మన దేశం పంపింది పోరాడే పటాలాన్ని కాదు, ఒక వైద్య దళాన్ని. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 నుంచి 1954 వరకు అక్కడ గాయపడిన సైనికులకూ, సామాన్యులకూ చికిత్స చేసింది. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళే అయిన దేశం తన సైనికుడిని ప్రపంచం ముందు నిలబెట్టిన తీరు అది.

ఇంట్లో మూడు శాలువాలు

ఇప్పుడు నా పాఠం. దీన్ని రాయడానికి కొంత సిగ్గుపడుతున్నాను.

మా బడిలో చదివే ఒక అమ్మాయి తండ్రి సైన్యంలో ఉండగానే జబ్బు చేసి చనిపోయారు. ప్రతి ఆగస్టు 15న ఆ అమ్మాయి తల్లిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. నేనే మైకు పట్టుకుని నాలుగు మంచి మాటలు చెబుతాను. పిల్లలు చప్పట్లు కొడతారు. మిఠాయి పంచుతాం. ఆమె ఇంటికి వెళ్తుంది.

పోయిన ఏడాది కార్యక్రమం అయిపోయాక ఆమె వెళ్ళలేదు. కుర్చీలు సర్దేదాకా గోడ పక్కన నిలబడి ఉంది. దగ్గరకు వెళ్ళి “ఏమ్మా?” అన్నాను. తలమీది కొంగు సర్దుకుంటూ మెల్లగా అంది: “మాస్టారు గారూ, ఇంట్లో మూడు శాలువాలు ఉన్నాయి. ఐదు నెలలుగా పింఛను రావడం లేదు. ఎవరిని అడగాలో తెలియడం లేదు.”

మూడేళ్ళలో ఒక్కసారి కూడా “ఎలా ఉన్నావమ్మా, పింఛను సరిగా వస్తోందా?” అని నేను అడగలేదు. ఈ తప్పు నాది.

ఆ ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాను. కుట్టుమిషను పక్కన రేకు పెట్టెలో కాగితాలు భద్రంగా ఉన్నాయి. విషయం చాలా చిన్నది. భర్త సర్వీసు రికార్డులో ఆమె పేరు చివర ‘బీ’ అని ఉంది. ఆధార్‌లో, బ్యాంకులో ‘బేగం’ అని ఉంది. పింఛన్లు కంప్యూటర్ పద్ధతిలోకి మారాక రెండు పేర్లూ కలవలేదు. ఆమె ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువీకరణ నిలిచిపోయింది, దాంతోపాటు పింఛనూ ఆగింది. అమ్మాయి పేరు కూడా రికార్డులో ముద్దుపేరుతోనే ఉంది.

మన ఇళ్ళలో ఈ చిక్కు ఎంత మామూలో చెప్పనక్కర లేదు. బీ, బీబీ, బేగం, ఉన్నీసా అని ఒకే మనిషికి నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లు. ‘షేక్’ ఒకచోట ముందు, ఒకచోట వెనుక. రేషన్ కార్డు దగ్గర సర్దుకుపోయినా, పింఛను దగ్గర అది అన్నం ముద్దను ఆపుతుంది.

మన సొసైటీలోని ఇద్దరు యువకులు ఆమె వెంట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళారు. అఫిడవిట్, నిఖానామా నకలు, ఆధార్ జతచేసి దరఖాస్తు రికార్డు ఆఫీసుకు పంపించారు. రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారికి సరిపోయింది. ఫిబ్రవరిలో బకాయిలతో సహా పింఛను వచ్చింది. అమ్మాయి పేరు సవరణ ఈ వ్యాసం రాసేనాటికి ఇంకా కాలేదు. తిరుగుతూనే ఉన్నాం.

మనం చేయగలిగినవి

ఈ అనుభవంతో కొన్ని సంగతులు తెలుసుకున్నాను. మన బంధువుల్లో, ఇరుగుపొరుగులో సైనికులు, మాజీ సైనికులు ఉన్నవారు వీటిని గుర్తుంచుకోవాలని మనవి.

ఒకటి. సైనికుడి పెళ్ళి, పిల్లల పుట్టుక అతని సర్వీసు రికార్డులో నమోదు కావాలి. దీన్ని ‘పార్ట్ టూ ఆర్డర్’ అంటారు. మనిషి బతికి ఉండగానే భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో సరిపోయేలా చూసుకుంటే ఆ తరువాత కుటుంబం తిరగనక్కర లేదు. సెలవుకు ఇంటికి వచ్చిన అబ్బాయిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది.

రెండు. కుటుంబ పింఛను అందరికీ ఒకటే కాదు. సర్వీసుతో సంబంధం లేని కారణంతో మరణిస్తే సాధారణ కుటుంబ పింఛను, సర్వీసు వల్ల కలిగిన మరణమైతే ప్రత్యేక పింఛను, యుద్ధంలోనో అలాంటి చర్యల్లోనో మరణిస్తే ఉదార పింఛను. మూడింటికీ మొత్తాల్లో చాలా తేడా ఉంది. మరణ కారణం ఏమని రాశారో కుటుంబం తప్పకుండా చూసుకోవాలి. తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

మూడు. హవల్దార్ స్థాయి వరకు పనిచేసినవారి పిల్లల చదువుకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఆర్థిక సాయం ఉంది. వృత్తి విద్యా కోర్సుల్లో చేరే మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఇవి అడిగినవారికే వస్తాయి. అడగాలంటే ముందు తెలియాలి.

నాలుగు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతోంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇచ్చి విరాళం తీసుకుంటారు. ఆ డబ్బు మాజీ సైనికుల, వితంతువుల, గాయపడినవారి సంక్షేమానికి వెళ్తుంది. బడిలో పిల్లల చేత రూపాయి రూపాయి కూడబెట్టించడం నేనూ చేశాను. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో ఆ తల్లిని చూశాకే పిల్లలకు సరిగా చెప్పగలిగాను.

మన సొసైటీ పెద్దల ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. ఏటా డిసెంబరు 7న మన హాల్లో ఒక టేబుల్ వేద్దాం. కాగితాలు చూడగలిగిన ఇద్దరిని, దరఖాస్తు రాయగలిగిన ఒకరిని కూర్చోబెడదాం. ఊళ్ళోని సైనిక కుటుంబాలు ఏ మతంవారైనా రావచ్చని మసీదులో, చర్చిలో, గుడి దగ్గర బోర్డు పెడదాం. శాలువాకు అయ్యే ఖర్చు కంటే ఎక్కువ కాదు.

ఈ ఆలోచన నాది మాత్రమే కాదు. ఆ తొమ్మిదో తరగతి కుర్రాడు దసరా సెలవుల్లో ముగ్గురు స్నేహితులతో కలిసి మా వార్డులో ఇంటింటికీ తిరిగి, సైన్యంలో పనిచేసినవారి ఇళ్ళు ఎన్నో లెక్క రాసుకొచ్చాడు. పదకొండు ఇళ్ళు తేలాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇంటి నంబరు, పేరు, పనిచేసిన పటాలం, “ఏమైనా ఇబ్బంది ఉందా?” అని నాలుగు గడులు గీశాడు. మతానికి గడి గీయలేదు. నేను చెప్పలేదు, వాడికే తోచలేదు.

స్వాతంత్ర్యం మన చేతుల్లో ఉన్న అమానత్. దాన్ని సరిహద్దు దగ్గర కాపాడేవారు కాపాడుతున్నారు. వారి ఇల్లు మన వీధిలో ఉంది. వచ్చే ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక, మిఠాయి పొట్లం చేతిలో పట్టుకుని ఆ ఇంటి తలుపు తట్టండి. “అమ్మా, కాగితాలన్నీ సరిగా ఉన్నాయా?” అని అడగండి.

జై హింద్.